నాలుగొందల పదిహేడు

చిత్తూరు చర్చి వీధిలో నా అంగడి.
ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు రోడ్డు మీదే.
పగిలిన సెల్‌ఫోన్ అద్దాల మధ్య
ఆయన ఇంజను తెచ్చి పెట్టినాడు,
పాత పంచె గుడ్డలో చుట్టి,
సంతకు కోడిపెట్టను తెచ్చినట్టు.

'పొగబండి పాపా. బొమ్మే.
కానీ దాని ముందర బొమ్మ అనొద్దు.'

పేరు చెంగల్రాయులు. పాకాల యార్డులో
ముప్పై నాలుగేండ్లు పాయింట్స్‌మన్.
మూర్ మార్కెట్ కాలిపోయిన ముందేడు
రెండు నెలల జీతం పోసి కొన్నాడంట.
పొడవు నా జానెడు కూడా లేదు,
బరువు మాత్రం నూరుడు గుండంత.

నువ్వు గింజల్లాంటి నాలుగు మరలు.
మూత లేపితే నలభై ఏండ్ల వాసన:
ఎండిన నూనె, ఎప్పుడో మాడిన వార్నిష్.
వైరు తొడుగు వేలు తగిలితే
అప్పడంలా విరిగింది.
కార్బన్ బ్రష్షులు అరిగి అరిగి నూకలైనాయి.
చీపురు పుల్లకు దూది చుట్టి
స్పిరిట్‌లో ముంచి తుడిచినాను.
దూది నల్లబడింది, మళ్ళీ నల్లబడింది,
ఆరోసారికి రాగి కనపడింది.

'కొత్త చిప్పు వేద్దామా తాతా?
పట్టాల మీద కరెంటు ఎప్పుడూ ఉంటుంది.
నంబరు పెట్టి పిలిస్తేనే బండి కదులుతుంది.
పిలవని బండి అట్లే నిలబడి ఉంటుంది.'

కాసేపు ఏమీ అనలేదు.
'మాదీ అంతే' అన్నాడు తర్వాత.
'యార్డులో పేరు ఎవురికి తెలుసు.'

పాత మోటారు ఒంటిని ఆనుకొని బతికిన మోటారు.
ఒక బ్రష్షు నేరుగా చట్రానికే తగిలి ఉంటుంది.
ముందు ఆ రెంటినీ విడదీయాలి.
నాకు తెలుసు.
తెలిసీ మరిచిపోయినాను,
డిస్‌ప్లే గ్యారంటీ అని ఒకాయన అరుస్తావుంటే.

చిటుక్కుమంది.
సన్నటి తెల్లపొగ, పొగగొట్టం లోంచే,
రావాల్సిన చోటు నుంచే వచ్చింది.
రెండువేల ఆరొందలు.
నేను తల ఎత్తలేదు.
ఆయన నవ్వినాడు:
'ఇన్నేండ్లకు నిజంగా పొగ విడిచింది, చూడు షంషాదమ్మా.'

రెండో చిప్పు నెల తర్వాత వచ్చింది.
ఈసారి పసుపు టేపు మూడు చుట్లు చుట్టి
మీటరు ముల్లు కదలలేదని
ఆయనకు కూడా చూపించి అతికినాను.
స్పీకరుకు చోటు లేదు.
లోపలి సీసం దిమ్మ కోస్తే చోటు దొరుకుతుంది,
బండి తేలికై ఎత్తు ఎక్కదు, చక్రాలు ఉత్తినే తిరుగుతాయి.
ఆ మాట విని పొద్దున పోయినాయన
కట్టమంచి చెరువులో వలలేసేవాళ్ళ దగ్గర
జేబు నిండా సీసపు గుండ్లు తెచ్చినాడు.
చొక్కా ఒక పక్కకు జారిపోయి ఉంది.

దీపం తెల్లగా వెలిగితే
'ఆసుపత్రి మాదిరుంది' అన్నాడు.
నిమ్మ పిప్పరమెంటు కాగితం
గోరంత కత్తిరించి అడ్డం పెట్టినాను.
దానికి తల ఊపినాడు.
ఈలలు పదకొండు. పదకొండూ విన్నాడు,
పదకొండోది రెండుసార్లు.
'మావి ఇంత శుభ్రంగా మోగేవి కావు.'
అంత పాడు పడి పెట్టిన స్పీకరు,
ఈల ఆపేసి ఉత్త చక్రాల చప్పుడు ఉంచినాం.

నంబరు ఏం పెట్టాలి అంటే
మొలతాడుకు కట్టుకున్న ఇత్తడి బిళ్ళ చూపించినాడు.
అంచులు అరిగినాయి, అంకెలు మిగిలినాయి.

ఆదివారం పాకాల పోయినాను.
మంచం మీద పలక, పలక మీద
ఎప్పుడో పీకేసిన మీటరు గేజి లైను,
అగ్గిపుల్లల సిగ్నలు,
కొబ్బరి పీచు చింతచెట్లు.
417 కొట్టినాను.
ఇంజను ఒకసారి ఒళ్ళు విరుచుకొని కదిలింది.
ఎత్తు దగ్గర ఆయన ఊపిరి బిగబట్టినాడు,
తానే తోస్తున్నట్టు వంగి.

అప్పుడే కరెంటు పోయింది.
ఫ్యాను ఆగింది, పక్కింటి టీవీ ఆగింది.
చిప్పు వెనక నేను దాచిన చిన్న కెపాసిటర్
తన దగ్గరున్నదంతా ఇచ్చింది:
చీకట్లో ఆ పసుపు చుక్క
ఇంకో రెండు జానలు ఎక్కి
మలుపు దాటకుండానే ఆరిపోయింది.

'ఎంతమ్మా?' అని వినపడింది.
కాలింది నా లెక్క తాతా, అన్నాను.
వినలేదో, విన్నాడో,
చీకట్లో నోట్లు తడిమి లెక్కపెడతానే ఉన్నాడు,
మధ్యలో తప్పి, మళ్ళీ ఒకటి నుంచి.